గుణకారం, భాగహారం: పిల్లలూ పెద్దలూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

రెండో తరగతిలో ఎక్కాలు మొదలైనప్పటి నుంచి ఐదో తరగతి దాకా ఇళ్ళలో వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఏటా కొత్త పిల్లలు, కొత్త తల్లిదండ్రులు, అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, అవసరం లేనిది వదిలేయవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. భాగహారాన్ని సరికొత్త పాఠంలా మొదలుపెట్టడం వల్లే సగం టెన్షన్ వస్తోంది. ఎక్కం నేర్చుకునేటప్పుడే దాన్ని వెనక నుంచి కూడా అడిగితే ఆ బెదురు ఉండదు.

## ఎక్కాలు మొదలుపెట్టే రోజుల్లో

ఎక్కాలు బట్టీ పట్టించాలా, అర్థం చెప్పాలా?

రెండూ కావాలి. అయితే ముందు చేత్తో చేయించాలి, తర్వాతే బట్టీ. కిరాణా కొట్లో కోడిగుడ్లు పెట్టే అట్ట ట్రే ఒకటి అడిగి తెచ్చుకోండి. ఒక వైపు ఐదు గుంటలు, ఇంకో వైపు ఆరు, మొత్తం 30. అందులో చింతపిక్కలు వేయించండి. వరుసకు ఆరు చొప్పున ఒక వరుస నిండితే 6, రెండు నిండితే 12, ఐదు వరుసలూ నిండితే 30. ఐదు ఆర్లు ముప్పై. ట్రేని అడ్డంగా తిప్పితే వరుసకు ఐదు, వరుసలు ఆరు. ఆరు ఐదులు ముప్పై. ఒక్క పిక్క కూడా కదల్లేదు, పెరగలేదు, తగ్గలేదు.

ఇప్పుడు పిక్కలన్నీ గుప్పిట్లోకి తీసి, "30 ఉన్నాయి, వరుసకు ఆరు వేస్తే ఎన్ని వరుసలొస్తాయి?" అని అడగండి. అది భాగహారమే. ఆ పేరు, ఆ గుర్తు ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఇదంతా ఆడాక బట్టీ పట్టిస్తే తప్పేం లేదు, పట్టించాలి కూడా. పెద్ద లెక్క మధ్యలో ఏడు ఎనిమిదులు ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అసలు లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోతారు.

మా బాబు ఎక్కం గడగడా అప్పజెబుతాడు. "ఏడెనిమిదులు ఎంత?" అంటే మాత్రం మొదటి నుంచి చదువుకుంటూ వస్తాడు. ఎందుకు?

ఎక్కాన్ని పాటలా నేర్చుకున్నాడు కాబట్టి. పాటలో నాలుగో చరణం నేరుగా ఎత్తుకోమంటే మనకూ కష్టమే. దీనికి మందు, వరుస తప్పించి అడగడం. ఏడు మూళ్ళు, ఏడు తొమ్మిదులు, ఏడు రెళ్ళు... ఇలా ఎటు నుంచి పడితే అటు నుంచి.

రెండు వారాలు అలా అలవాటయ్యాక వెనక నుంచి అడగండి. "56 ఏయే ఎక్కాల్లో వస్తుంది?" ఏడులో, ఎనిమిదిలో. "మరి 24?" పదో మెట్టు దాకా చదివే ఎక్కాల్లో అయితే మూడులో, నాలుగులో, ఆరులో, ఎనిమిదిలో. "23?" వాడు ఒక్కో ఎక్కం వెతికి, ఎందులోనూ లేదని వచ్చి చెబుతాడు. ఆ వెతుకులాట మొత్తం భాగహారమే. పుస్తకంలో ఆ పాఠం వచ్చేసరికి వాడికి సగం పని అయిపోయి ఉంటుంది.

20వ ఎక్కం దాకా రావాలా?

పాత తరంలో ఇరవై దాకా అప్పజెప్పడం గొప్పగా ఉండేది. వస్తే మంచిదే కానీ, భాగహారానికి పదో ఎక్కం దాకా తడబడకుండా వస్తే చాలన్నది నా మాట. డజన్ల లెక్క కోసం పన్నెండో ఎక్కం కలుపుకోండి.

బరువు ఎంతో ఒకసారి చూడండి. 1, 2, 5, 10 ఎక్కాలు ఎవరికైనా తేలికే. 3, 4 కొంచెం సాధనతో వచ్చేస్తాయి. 6, 7, 8, 9 తమలో తాము గుణించుకునేవి పదే పది: 6×6=36, 6×7=42, 6×8=48, 6×9=54, 7×7=49, 7×8=56, 7×9=63, 8×8=64, 8×9=72, 9×9=81. పిల్లలు తడబడేది ఎక్కువగా ఈ పదింటి దగ్గరే. వీటిని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకో, బీరువాకో అంటించండి.

3 × 4, 4 × 3 రెంటికీ జవాబు ఒకటే కదా, రెండూ ఎందుకు?

జవాబు ఒకటే, సంగతి వేరు. మూడు ప్లేట్లలో నాలుగేసి ఇడ్లీలు పెట్టినా, నాలుగు ప్లేట్లలో మూడేసి పెట్టినా మొత్తం 12. కానీ మొదటి దానికి మూడు ప్లేట్లు కడగాలి, రెండో దానికి నాలుగు.

ఈ తేడా భాగహారంలో పనికొస్తుంది. 12 ఇడ్లీలు, మూడు ప్లేట్లు అని చెబితే ప్లేటుకెన్ని అని వెతుకుతాం. 12 ఇడ్లీలు, ప్లేటుకు మూడు అని చెబితే ఎన్ని ప్లేట్లు అని వెతుకుతాం. రెండు చోట్లా జవాబు 4 రావడానికి కారణం 3 × 4, 4 × 3 సమానం కావడమే. నోట్‌బుక్‌లో ఏది ముందు రాయాలన్న విషయంలో మాత్రం క్లాసులో టీచరు ఎలా చెబితే అలా రాయనివ్వండి, దాని మీద వాదన పెట్టుకోవద్దు.

మా పాప "టూ టూస్ ఆర్ ఫోర్" అని చదువుతుంది. నాకు "రెండు రెళ్ళు నాలుగు" అనే వచ్చు. ఇంట్లో తెలుగులో చెబితే గందరగోళం అవుతుందా?

అవదు. అప్పజెప్పడం బడిలో ఏ భాషలో అయితే ఆ భాషలోనే ఉండనివ్వండి, నోటికి ఒకటే అలవాటవుతుంది. అర్థం మాత్రం ధైర్యంగా తెలుగులో చెప్పండి. "తలా నాలుగు", "ఐదేసి", "మనిషికి రెండు చొప్పున" అని మనం ఇంట్లో రోజూ అనేవే. భాగహారానికి అంతకన్నా మంచి మాటలు వెతుక్కోనక్కర్లేదు.

## భాగహారం గుర్తు తొలిసారి కనిపించినప్పుడు

భాగహారం అంటే గుణకారాన్ని తిరగేయడమేనా?

అవును, మూడు సంఖ్యల ఆట అది. 4, 6, 24 తీసుకోండి. 4, 6 ఇచ్చి 24 అడిగితే గుణకారం. 24 ఇచ్చి, మిగతా రెంటిలో ఒకటి చెప్పి, ఇంకోటి అడిగితే భాగహారం.

దీన్ని చూపించడానికి పాత శుభలేఖ అట్టను త్రికోణంగా కత్తిరించండి. పై మూల 24, కింది మూలల్లో 4, 6 రాయండి. మీ బొటనవేలితో 24 మూసి చూపిస్తే పిల్ల "నాలుగు ఆర్లు" అని చెబుతుంది. 6 మూస్తే "24లో నాలుగులు ఎన్ని?" అన్నట్టు. 4 మూస్తే "24లో ఆర్లు ఎన్ని?" ఒక్క అట్ట మీద నాలుగు వాక్యాలు: 4×6=24, 6×4=24, 24÷4=6, 24÷6=4. అదే 5, 5, 25 రాస్తే రెండే వస్తాయి, 5×5=25, 25÷5=5. "మిగతా రెండూ ఏవి?" అని పిల్లలే అడుగుతారు. మూలలు తిప్పి చూపిస్తే సరి.

12 ÷ 3 అంటే ముగ్గురికి పంచడం అని నేను చెప్పాను. టీచరేమో మూడేసి చొప్పున కట్టలు కట్టడం అన్నారు. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే, పిల్లలకు రెండూ తెలియాలి. ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

12 చామంతులు తీసుకోండి. ముగ్గురు పిల్లలకు పంచాలి. నీకొకటి, నీకొకటి, నీకొకటి అని ఒక చుట్టు తిరుగుతారు. ఆ చుట్టుకు మూడు పూలు అయిపోయాయి. రెండో చుట్టుకు ఇంకో మూడు. నాలుగు చుట్లకు పూలన్నీ అయిపోయాయి, తలా నాలుగు వచ్చాయి. ఇప్పుడు పూలన్నీ మళ్ళీ పోగేసి, మూడేసి పూలతో చిన్న గుత్తులు కట్టండి. నాలుగు గుత్తులు. పంచినప్పుడు ఒక చుట్టుకు ఖర్చయిన మూడు పూలే ఇక్కడ ఒక గుత్తి. అందుకే రెండు దారులూ ఒకే జవాబు దగ్గరికి తీసుకెళ్తాయి.

పంచడం ఒక్కటే నేర్చుకున్న పిల్లలు ఎక్కడ ఆగిపోతారో చెప్తాను. "12 మీటర్ల తాడును 3 మీటర్ల ముక్కలుగా కోస్తే ఎన్ని ముక్కలు?" అనే లెక్కలో పంచుకోవడానికి ముగ్గురు మనుషులు లేరు. ఎవరికివ్వాలో తెలియక పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు. "12లో మూడులు ఎన్ని?" అని అడిగితే వెంటనే మూడో ఎక్కంలోకి వెళ్ళి నాలుగు అంటారు. పై తరగతుల్లో భిన్నాలతో భాగించేటప్పుడు కూడా ఎక్కువగా ఈ రెండో ఆలోచనే అక్కరకొస్తుంది.

భాగహారం అంటే పదే పదే తీసివేయడం అని పుస్తకంలో ఉంది. మరి ఎక్కాలతో పనేంటి?

20 లోంచి 5 తీసేస్తూ పోతే నాలుగు సార్లకు సున్నా అవుతుంది, కాబట్టి 20 ÷ 5 = 4. నిజమే. కానీ 96 ÷ 4 ఇలా చేస్తే 24 సార్లు తీసివేయాలి, మధ్యలో ఒక్కటి తప్పితే మొత్తం పాయె. ఎక్కం వస్తే పదేసి కట్టలు ఒకేసారి తీసేయవచ్చు. పది నాలుగులు 40, ఇంకో పది నాలుగులు 40, మిగిలిన 16లో నాలుగు నాలుగులు. పది, పది, నాలుగు కలిపి 24.

12 ÷ 3 ని 3 ÷ 12 అని రాస్తే తప్పా?

తప్పే. గుణకారంలో అటూ ఇటూ మార్చినా నడుస్తుంది, భాగహారంలో నడవదు. 12 లడ్డూలు ముగ్గురికి పంచితే తలా నాలుగు. 3 లడ్డూలు 12 మందికి పంచితే తలా పావు ముక్క.

విభాజ్యం, విభాజకం, భాగఫలం... ఈ పేర్లు గుర్తుండటం లేదు.

మూడో తరగతిలో పేర్ల కోసం పిల్లలను తిట్టకండి. 17 ÷ 5 లో 17 విభాజ్యం, 5 విభాజకం, వచ్చిన 3 భాగఫలం, మిగిలిన 2 శేషం. లెక్క బాగా అలవాటయ్యాక పేర్లు వాటంతటవే నోటికొస్తాయి.

రోజూ కూర్చోబెట్టి లెక్కలు చేయించే ఓపిక లేదు. ఆట ఏదైనా చెప్పండి.

వామనగుంటలు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, మొత్తం 14. పీట లేకపోతే నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకోండి. ఆట మొదలుపెట్టే ముందు గింజలు మీరు పంచకండి, వాళ్ళతో లెక్క కట్టించండి. "గుంటకు నాలుగు వేయాలంటే ఎన్ని గింజలు కావాలి?" 14 × 4 = 56. ఇంకో రోజు డబ్బాలో 70 గింజలు పోసి ఇచ్చి "గుంటకెన్ని వస్తాయి?" అనండి, ఐదేసి. 60 ఇస్తే గుంటకు నాలుగు పోగా నాలుగు మిగులుతాయి. ఆ మిగిలినవి ఏం చేయాలన్న గొడవ వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

## శేషం మిగిలినప్పుడు

ఐదో ఎక్కంలో 17 రాదు కదా, 17 ÷ 5 ఎలా చేయాలి?

17 దాటకుండా ఐదో ఎక్కంలో ఎంత దూరం వెళ్ళగలమో చూడాలి. ఐదు మూళ్ళు పదిహేను, ఐదు నాలుగులు ఇరవై. ఇరవై దాటిపోయింది కాబట్టి మూడు దగ్గర ఆగాలి. 15 పోగా 2 మిగిలింది. గుణకారంలో రాస్తే 5 × 3 + 2 = 17.

మా పాపకు శేషం 7 వచ్చింది, విభాజకం 5. టీచరు తప్పు పెట్టారు. కూడితే సరిపోతోంది కదా?

కూడితే సరిపోతుంది, కానీ పంపకం పూర్తి కాలేదు. చేతిలో ఏడు ఉంటే ఐదుగురికి ఇంకోటి ఇవ్వవచ్చు. శేషం ఎప్పుడూ విభాజకం కన్నా తక్కువే ఉండాలి.

23 మంది పిల్లలు, ఆటోకి ఐదుగురు. 4 వచ్చి 3 మిగిలింది. జవాబు 4 రాయాలా, 5 రాయాలా?

5. మిగిలిన ముగ్గురినీ రోడ్డు మీద వదిలేయలేం. కానీ ఇదే 23 ÷ 5 ఇంకో లెక్కలో వేరే జవాబు ఇస్తుంది. చేతిలో 23 రూపాయలున్నాయి, చాక్లెట్ 5 రూపాయలు అనుకోండి. నాలుగే వస్తాయి, మూడు రూపాయలు జేబులో ఉంటాయి. ఐదో చాక్లెట్ కొట్టువాడు ఇవ్వడు.

ఒక్కోసారి శేషమే అసలు జవాబు అవుతుంది. ఈ రోజు సోమవారం, 23 రోజుల తర్వాత ఏ వారం? 23 ÷ 7 చేస్తే మూడు వారాలు పోగా 2 మిగిలింది. సోమవారం తర్వాత రెండు రోజులు, బుధవారం. ఇక్కడ ఎన్ని వారాలు గడిచాయో ఎవరికీ అక్కర్లేదు.

అందుకే భాగించడం అయ్యాక "ప్రశ్న ఇంకోసారి చదువు" అనడం అలవాటు చేయండి. భాగహారం తప్పు లేకుండా చేసి, చివరి వాక్యం తప్పు రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లలు చాలామంది.

కాలిక్యులేటర్‌లో 17 ÷ 5 కొడితే 3.4 వచ్చింది. పుస్తకంలో 3, శేషం 2 అని ఉంది. ఏది నిజం?

రెండూ నిజమే. మిగిలిన రెంటిని కూడా కాలిక్యులేటర్ ఐదు భాగాలు చేసింది, అది 0.4. గుణించి చూసుకోండి: 3.4 × 5 = 17, 3 × 5 + 2 = 17. ఇందులో .4 అంటే శేషం నాలుగు అని మాత్రం అనుకోకూడదు.

## లాంగ్ డివిజన్ దగ్గర

కూడిక, తీసివేత, గుణకారం కుడి నుంచి మొదలుపెడతాం. భాగహారం ఒక్కటే ఎడమ నుంచి ఎందుకు?

డబ్బులు పంచేటప్పుడు పెద్ద నోట్లు ముందు పంచుతాం కాబట్టి. 72 రూపాయలు ముగ్గురికి పంచాలి. ఏడు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు ఉన్నాయి. ముందు నోట్లు తలా రెండు ఇస్తే ఒకటి మిగిలింది. దాన్ని చిల్లర మారిస్తే పది బిళ్ళలు, ఉన్న రెంటితో కలిపి 12. తలా నాలుగు. మొత్తం తలా 24. "కింద 1 మిగిలింది, 2 దించుకో, 12 అయింది" అని మనం యాంత్రికంగా అనే మాట వెనక ఉన్నది ఈ చిల్లర మార్చడమే. ముందు బిళ్ళలు పంచి తర్వాత నోట్లకు వస్తే, మిగిలిన నోటును చిల్లర చేసి బిళ్ళలు మళ్ళీ పంచాల్సి వస్తుంది, పని రెండింతలు. గుణకారంలో వచ్చిన పదులు ఎడమ వైపుకు చేరతాయి కాబట్టి అక్కడ కుడి నుంచి మొదలుపెట్టడం సుఖం.

618 ÷ 6 కి మా బాబు 13 అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు.

ఈ తప్పు చేయని పిల్లలు అరుదు. 6లో ఆరు ఒకసారి, 1 రాశాడు. తర్వాత 1 దించాడు. ఒకటిలో ఆరు పోదు, కాబట్టి వెంటనే 8 కూడా దించి 18 చేశాడు. ఆరు మూళ్ళు పద్దెనిమిది, 3 రాశాడు. ఒకటిలో ఆరు పోనప్పుడు పైన 0 రాయాలన్నది మర్చిపోయాడు. సరైన జవాబు 103.

"సున్నా మర్చిపోకు" అని వందసార్లు చెప్పినా లాభం తక్కువ. భాగహారం మొదలుపెట్టక ముందే "సుమారుగా ఎంత రావచ్చు?" అని అడగండి. ఆరు వందలు 600, కాబట్టి జవాబు వంద పైనే ఉండాలి. అలా ముందే అనుకున్న పిల్లాడు 13 చూడగానే తనే కంగారు పడతాడు. రెండో ఉపాయం, గడులున్న నోట్‌బుక్‌లో వందలు, పదులు, ఒకట్లు అని పైన రాసి, విభాజ్యంలోని ఒక్కో అంకె మీద భాగఫలంలోని ఒక్కో అంకె పడేలా చేయించడం. పదుల గడి ఖాళీగా ఉంటే కంటికి కనిపిస్తుంది.

జవాబు సరైందో కాదో టీచరు దిద్దకముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. భాగఫలాన్ని విభాజకంతో గుణించి, శేషం కలపాలి. 157 ÷ 4 కి 39, శేషం 1 వచ్చిందనుకోండి. 39 × 4 = 156, ఒకటి కలిపితే 157. సరిపోయింది. దీంతో పాటు శేషం విభాజకం కన్నా తక్కువ ఉందో లేదో చూసుకోవాలి. పరీక్షలో చివరి ఐదు నిమిషాలు దీనికి పెట్టుకుంటే చాలు.

## సున్నా, సగం లాంటి చిక్కులు

0 ÷ 5 ఎంత?

సున్నా. పంచడానికి ఏమీ లేకపోతే ఎవరికీ ఏమీ రాదు. 5 × 0 = 0 కాబట్టి గుణకారం కూడా ఒప్పుకుంటుంది.

మరి 5 ÷ 0 ఎందుకు చేయకూడదు? మా అమ్మాయి జవాబు సున్నా అని పట్టుబట్టింది.

గుణకారంతో తేల్చండి. 5 ÷ 0 = 0 అయితే, 0 × 0 చేసినప్పుడు 5 రావాలి. రాదు. పోనీ జవాబు 5 అందామా? 5 × 0 కూడా సున్నాయే. సున్నాని దేనితో గుణించినా సున్నాయే వస్తుంది, 5 ఎప్పటికీ రాదు. అందుకే ఆ లెక్కకు జవాబు లేదు.

మీ అమ్మాయి ఒక్కతే కాదు, ఈ సున్నా పాతకాలపు పెద్ద పెద్ద గణితవేత్తలనే తిప్పలు పెట్టింది. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరుడు, ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే అది మారకుండా ఉంటుందన్నాడు. ఆ మహావీరుడి గణితాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1150లో భాస్కరుడు, సున్నాతో భాగిస్తే వచ్చేదాన్ని అనంత రాశిగా చెప్పాడు. "వాళ్ళ జవాబులు గుణించి సరిచూడు" అని పిల్లలకే పని పెట్టండి, చాలా హుషారుగా చేస్తారు. 0 ÷ 0 దగ్గర చిక్కు ఇంకో రకం. అక్కడ ఏ సంఖ్య పెట్టినా గుణకారం సరిపోతుంది, కాబట్టి ఫలానాదే జవాబు అని ఒకటి తేల్చలేం.

భాగిస్తే తగ్గాలి కదా, 6 ÷ ½ కి 12 ఎలా వచ్చింది?

భాగిస్తే తగ్గుతుందన్నది ఒకటి కన్నా పెద్ద సంఖ్యలతో భాగించినప్పటి అనుభవం. ఇక్కడ "అరమంది మనుషులకు పంచు" అంటే అర్థం లేదు, కాబట్టి "6లో సగాలు ఎన్ని?" అని అడగాలి. ఆరు అట్లు పోసి ఒక్కోదాన్ని సగానికి కోస్తే 12 సగాలు. వెనక్కి గుణిస్తే 12 × ½ = 6, సరిపోయింది. సగాన్ని మళ్ళీ సగం చేయిస్తే 6 ÷ ¼ కి 24 వస్తుంది. ఇది ఐదో తరగతికి ముందు చెప్పక్కర్లేదు, పిల్లలు అడిగితే మాత్రం దాటవేయకండి.